వెగాస్ పోకర్ రూముల్లో పదేళ్లు: ఏ బల్ల ఎవరికి

మేముండేది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో. అక్కడి నుంచి లాస్ వెగాస్‌కి కారులో నాలుగున్నర గంటలు, బార్‌స్టోలో కాఫీకి ఆగితే ఐదు. 2015 నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తున్నాను. షోల కోసం కాదు, స్లాట్ మెషీన్ల కోసం అసలే కాదు, పోకర్ కోసం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, ఆట వారాంతాల్లో మాత్రమే. ఇన్నేళ్లలో ఎంత గెలిచావని ఎవరైనా అడిగితే నాకంటే ముందు మా ఆవిడ నవ్వుతుంది కాబట్టి ఆ లెక్క వదిలేద్దాం. ఏ స్థాయివాడు ఏ రూములో కూర్చోవాలన్నది మాత్రం ఫీజు కట్టి నేర్చుకున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లె. సంక్రాంతికి అరుగుల మీద పేకాట చూస్తూ పెరిగాను, పదమూడు ముక్కల రమ్మీలో చెయ్యి తిరిగింది. ఆ ధీమాతోనే మొదటి ట్రిప్పులో స్ట్రిప్ (వెగాస్‌లో పెద్ద క్యాసినోలు వరసగా ఉండే రోడ్డు) మీద అన్నిటికంటే అందంగా కనిపించిన రూములోకి వెళ్లాను. పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు. బోర్డు మీద 1/3 అని ఉంది. అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేల్లో చిన్నది (స్మాల్ బ్లైండ్) ఒక డాలరు, పెద్దది (బిగ్ బ్లైండ్) మూడు డాలర్లు. అక్కడ అంతకంటే చిన్న బల్ల లేదు. చిన్న బల్ల కదా, చిన్న ఆటే అనుకుని మూడు వందలు పెట్టి కూర్చున్నాను. నా ఎడమ పక్క కుర్రాడి ముందు పన్నెండు వందలకు పైనే చిప్స్ ఉన్నాయి. ఇంకొకాయన వంతు వచ్చినప్పుడల్లా ఆరు డాలర్ల స్ట్రాడిల్ పెడుతున్నాడు, అంటే ముక్కలు చూడకముందే పందెం రెట్టింపు. ఫ్లాప్, అంటే బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు, చూడ్డానికే పాతిక డాలర్లు అయ్యేది. నలభై నిమిషాల్లో మూడు వందలూ పోయాయి. రోషం వచ్చి ఇంకో మూడు వందలు తీశాను, అవీ పోయాయి. బోర్డు మీద 1/3 అని రాసినా అక్కడ నడుస్తున్నది అంతకు రెట్టింపు ఆట అని పార్కింగ్‌లో కారు ఎక్కాక అర్థమైంది.

అప్పటి నుంచి రూములోకి వెళ్లగానే ముందు అడిగేది బల్ల మీద ఎక్కువలో ఎక్కువ ఎంత పెట్టనిస్తారని. 1/3 ఆటలో గరిష్ఠం మూడు వందలైతే అది వంద బిగ్ బ్లైండ్లు. ఐదు వందలైతే నూట అరవై పైచిలుకు. చిప్స్ లోతు పెరిగేకొద్దీ నాలుగో ముక్క దగ్గరా, ఐదో ముక్క దగ్గరా తీసుకునే నిర్ణయాలు ఖరీదవుతాయి. ఆట తెలిసినవాడు నిన్ను తినేది సరిగ్గా అక్కడే. రెండు ఆసులు చేతిలో పెట్టుకుని చివరి పందేనికి ఏం చెయ్యాలో తెలియనివాడికి తక్కువ పరిమితి ఉన్న బల్ల ఒక రకంగా హెల్మెట్ లాంటిది. పక్కవాడి ముందు పన్నెండు వందలున్నా, నా మూడు వందలకు మించి నా నుంచి తీసుకోలేడు నిజమే. కానీ అలాంటి బల్ల మీద పందేల సైజే మారిపోతుంది, నా మూడు వందలకు ఆయువు ఉండదు.

పోకర్‌కి కొత్తవాళ్లకి నేను చెప్పేది ఆర్లియన్స్ క్యాసినో. ట్రోపికానా రోడ్డు మీద, స్ట్రిప్‌కి కాస్త పడమరగా ఉంటుంది. అక్కడ నన్ను నిలబెట్టింది 4/8 లిమిట్ ఆట. లిమిట్ అంటే పందెం ఎంతో ముందే ఖాయం: మొదటి రెండు రౌండ్లలో నాలుగేసి డాలర్లు, తర్వాతి రెండింటిలో ఎనిమిదేసి. ఎవడూ ఒక్కసారిగా ఉన్నదంతా తోసి నిన్ను బెదిరించలేడు. ఒక్క చేతిలో, అంటే ఒక్క పంపకంలో, సర్వం పోదు. రమ్మీ అలవాటున్న మనవాళ్లకి ఈ లయ తొందరగా పట్టుబడుతుంది. చెడ్డ ముక్కలొస్తే డ్రాప్, మంచివొస్తే ఆట. నాతో కూర్చునే వాళ్లలో చాలామంది రిటైరైన పెద్దలు. తప్పు చేస్తే మొహం చిట్లించరు, ఒక్కోసారి పక్కకి వంగి చెప్తారు కూడా. ఒమాహా హై-లో కూడా ఆడించేవాళ్లు. చేతికి నాలుగు ముక్కలు, పాట్ (బల్ల మధ్య పోగైన పందెం డబ్బు) రెండుగా చీలిపోవడం చూసి మొదట్లో నా బుర్ర తిరిగింది. అది నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ కథ వేరు.

సౌత్ పాయింట్ క్యాసినో నాకు రెండో బడి. కాలిఫోర్నియా వైపు నుంచి వస్తుంటే స్ట్రిప్ కంటే ముందే తగులుతుంది. బౌలింగ్, సినిమా హాళ్లు అందులోనే ఉన్నాయి కాబట్టి పిల్లలు ఖుషీ, ఇంట్లో గొడవ తక్కువ. కొత్తవాళ్లు ఈ రూము విషయంలో ఒక పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. పందేలు చిన్నవి, జనం నెమ్మదస్తులు కాబట్టి ఇక్కడ గెలవడం తేలికనుకుంటారు. కాదు. పొద్దున పదింటికి వచ్చి కూర్చునే స్థానికులు గంటల తరబడి మంచి ముక్కల కోసం కాచుకుని కూర్చుంటారు. వాళ్లు నీకు డబ్బు ఇవ్వరు. నువ్వు ఇవ్వకపోతే ఆట ఎటూ కదలదు. ఓపిక నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, డబ్బు చేసుకోవడానికి ఇంతకంటే నీరసమైన చోటూ లేదు. అలాంటి పెద్దాయన పందెం పెంచాడంటే కింగుల జత ఉన్నా ఒకసారి ఆలోచించాల్సిందే.

ఆ రెండు బళ్లూ దాటి, ఎదుటివాడి చేతిలో ఏముంటుందో కొంచెం ఊహించగలిగే స్థాయికి వచ్చినవాళ్లకి స్ట్రిప్ మీద శుక్ర, శనివారాల రాత్రులు. వెనీషియన్ పెద్ద రూము, బల్లలు ఎక్కువ. బల్లలు ఎక్కువుంటే ఏం లాభమంటే, నీకు పడని బల్ల నుంచి లేచి వేరే దానికి మార్పించుకోవచ్చు. రెండే బల్లలున్న రూములో ఇద్దరు గట్టివాళ్లు తగిలితే ఇక వాళ్లతోనే కాపురం. రాత్రి తొమ్మిది దాటాక పెళ్లి పార్టీల నుంచీ కాన్ఫరెన్సుల నుంచీ వచ్చేవాళ్లు సరదాకి కూర్చుంటారు. అదే రూముకి మంగళవారం మధ్యాహ్నం వెళ్తే హెడ్‌ఫోన్లు, హుడీలు, మాటామంతీ లేని మొహాలు. రూము ఒకటే, స్థాయి రెండు. రూముని బట్టి కాదు, గంటని బట్టి ఎంచుకోవాలని నాకు నాలుగో ఏడాదికి గానీ తట్టలేదు. ఎక్కడ ఎన్ని బల్లలు నడుస్తున్నాయో, ఎంతమంది లైన్లో ఉన్నారో బ్రావో, పోకర్ అట్లాస్ లాంటి యాపుల్లో ముందే చూసుకోవచ్చు.

ఆరియా, విన్, బెలాజియోల్లో 2/5 ఆడాలంటే ఆట బాగా వచ్చి ఉండాలి. నేను ఆడతాను, కానీ బాగా నిద్రపోయి లేచిన రోజునే. బెలాజియోలో ఒక పక్కన అద్దాల గది ఉంటుంది, ఒకప్పుడు బాబీస్ రూమ్, 2020 నుంచి లెజెండ్స్ రూమ్. లోపల ఎంతెంత ఆడతారో మనకి అనవసరం. బయట లైన్లో నిలబడి తొంగి చూడ్డం ఫ్రీ.

ఇక కోత, అంటే రూము తీసుకునే వాటా. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేనూ మూడేళ్లు పట్టించుకోలేదు. నేను ఆడిన చాలా రూముల్లో ప్రతి పాట్ నుంచీ పది శాతం, ఐదారు డాలర్ల పరిమితితో తీసుకుంటారు. జాక్‌పాట్ పేరుతో ఇంకో డాలరో రెండో. గెలిచినప్పుడు డీలర్‌కి ఒక డాలరు టిప్పు ఆనవాయితీ. గంటకి ముప్పై చేతులు పడతాయనుకోండి, తొమ్మిది మందిలో నీ వంతు గెలుపులు మూడు. అంటే గంటకి పదిహేను, ఇరవై డాలర్లు నువ్వు బాగా ఆడినా పోతాయి. చిన్న ఆటలో ఆ బరువు ఎక్కువ, పెద్ద ఆటలో తక్కువ. అందుకని కొత్తవాడు చిన్న బల్ల మీద లాభం ఆశించకుండా ట్యూషన్ ఫీజు అనుకుంటే మంచిది. 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని తేల్చినప్పుడు, ఆ క్లబ్బు ఆటగాళ్ల దగ్గర తీసుకునే రుసుము సంగతీ చర్చకొచ్చింది. నైపుణ్యం ఎంతున్నా బల్ల అద్దె మాత్రం తప్పదన్నమాట.

మే చివర నుంచి జూలై మధ్య దాకా ఊరంతా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల హడావిడి. 2022 నుంచి అది హార్స్‌షూ, ప్యారిస్ హోటళ్లలో జరుగుతోంది, మెయిన్ ఈవెంట్ ప్రవేశ రుసుము పది వేల డాలర్లు. ఆ రోజుల్లో వెయిటింగ్ లిస్టు చూస్తే తిరుపతి క్యూ గుర్తొస్తుంది. అయినా ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన ఉత్సాహవంతులు చిన్న బల్లల మీద బోలెడంతమంది ఉంటారు, ఓపికుంటే మంచి కాలమే.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. పేరు చెప్పని ఒక చిన్న రూములో నేను ముక్కలు తిప్పి చూపించి గెలిచిన చేతిని, డీలర్ పొరపాటున పారేసిన ముక్కల కుప్పలోకి లాగేశాడు. ఫ్లోర్ మేనేజర్‌ని పిలిస్తే పావుగంటకి వచ్చి, ముక్కలు కలిసిపోయాయి కాబట్టి నా చెయ్యి చచ్చినట్టేనన్నాడు. నూట డెబ్బై డాలర్ల పాట్. బల్ల మీద ఇద్దరు నా తరఫున మాట్లాడినా వినలేదు. అప్పటి నుంచి చిప్స్ నా వైపు వచ్చేదాకా ముక్కల మీద చెయ్యి తీయను. ఫ్లోర్ మనిషి కనుచూపు మేరలో లేని రూములో కూర్చోను కూడా. కొత్తవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే తగాదా వస్తే వాదించడానికి వాళ్లకి నియమాలు తెలియవు.

ఇదంతా నెవాడా సంగతి, ఇక్కడ ఇరవై ఒకటి నిండితే చట్టబద్ధం. ఇది చదివి మన ఊళ్లో ఎవరూ ఫోన్‌లో మొదలుపెట్టకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది.

వచ్చే నెల మా బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు. "బావా, ఫౌంటెన్లు ఎదురుగా ఉండే రూమే కదా?" అని ఫోన్‌లో అడిగాడు. ఫౌంటెన్లు రాత్రి చూద్దాంలే, పొద్దున మాత్రం ఆర్లియన్స్‌లో 4/8 బల్ల దగ్గర ఉండాలన్నాను. రెండు వందలు జేబులో పెట్టుకుని, కార్డులు హోటల్ గదిలో వదిలేసి రమ్మన్నాను. మా ఆవిడ అప్పుడే పిల్లలకి బౌలింగ్ బుక్ చేసేసింది.