దాతల నమోదు సాఫ్ట్‌వేర్: ఏడాది వాడిన తర్వాత

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, మా చిన్న ట్రస్టు పేరు అంతకుముందు విననివారు కూడా విరాళాలు పంపారు. మరుసటి ఏడాది వారిలో చాలామంది మళ్లీ ఇవ్వలేదు. వారికి ఆసక్తి పోయిందనుకున్నాం గాని, రసీదు పుస్తకాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ముందేసుకుని చూస్తే, రసీదు పంపాక మేమే వారిని పలకరించలేదని తేలింది. ఆ లోటు పూడ్చుకోవడానికే ఈ సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ రుసుముపై తీసుకున్నాం.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, నిరుడు ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనివారి జాబితా. కొత్తవారి విరాళాలతో మొత్తం పెరుగుతున్నంత కాలం పాతవారు జారిపోతున్న సంగతి జమాఖర్చుల్లో కనబడదు. జాబితా పట్టుకుని ఫోన్లు చేస్తే, ఎక్కువమంది అడిగింది ఒక్కటే: ‘ఆ డబ్బుతో ఏం చేశారండీ?’ ఇప్పుడు ప్రతి దాతకూ ఖర్చు వివరం రాసి పంపుతున్నాం.

విరాళంపై దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే పని (1961 చట్టంలో 80జి) కూడా తేలికైంది. విరాళం అందిన రోజే పాన్ నమోదవుతున్నందున, మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయవలసిన విరాళాల నివేదికకు (1961 చట్టం కింద ఫారం 10బిడి) దాతల వివరాలు సిద్ధంగా ఉంటున్నాయి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు, అయినా విరాళం ఇచ్చినట్టు ధ్రువపత్రం (1961 చట్టం కింద 10బిఇ) వేళకు చేతికందితే దాతకు మనపై నమ్మకం కలుగుతుంది.

లోపం సాఫ్ట్‌వేర్ దాతలకు పంపే తెలుగు సందేశాల్లో ఉంది. మన వైపు తల్లిదండ్రుల వర్ధంతికి అన్నదానానికో పిల్లల ఫీజులకో ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. ఈ సాఫ్ట్‌వేర్‌కు తెలిసినవి పుట్టినరోజు, పెళ్లిరోజు మాత్రమే. తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చిన ఒకరికి ఆ వర్ధంతి రోజునే ‘హార్దిక శుభాకాంక్షలు’ అని సందేశం వెళ్లింది. నేను స్వయంగా ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను; ఆయన పెద్దమనసుతో తీసుకున్నా, ఆ బాధ నాకింకా పోలేదు. పైగా చాలా కుటుంబాలు ఆబ్దికాన్ని తిథి ప్రకారం జరుపుతాయి గనుక తేదీ ఏటా మారుతుంది, తిథి రాసుకునే గడి ఇందులో లేదు. సాఫ్ట్‌వేర్ నిర్వాహకులకు రెండుసార్లు రాశాం, మార్పు రాలేదు.

యూపీఐ ఆటోపే ద్వారా దాత ఖాతా నుంచి ప్రతి నెలా దానంతటదే వచ్చే చందా బాగానే నడుస్తోంది గాని, ఎవరి చెల్లింపైనా ఆగిపోతే ఆ కబురు మాకు నెలాఖరుకు గాని అందదు.

మళ్లీ ఇవ్వనివారి జాబితా కోసమే రెండో ఏడాదికీ రుసుము కట్టాం. శుభాకాంక్షల సందేశాలను పూర్తిగా ఆపించి, తిథులను పంచాంగం చూసి చేతిపుస్తకంలో రాసుకుంటున్నాం.