ఓర్లాండోలో ఐదు రోజులు: "ఇది ఎలా పనిచేస్తుంది?" అని అడిగే పిల్లలతో

ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్లేవాళ్లలో చాలామంది లెక్క డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ టికెట్‌తో మొదలవుతుంది. ఇంట్లో ఉన్నది పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలు, అందులోనూ మిక్సీ పాడైతే విప్పి చూసే రకమైతే, ముందు జాబితాలోంచి ఆ టికెట్టే తీసేయండి. కోట, పరేడు, బొమ్మలతో ఫొటోలు వాళ్లకి ఒక్క పూటలో మొహం మొత్తుతాయి. కెన్నడీ స్పేస్ సెంటర్‌కి పూర్తిగా ఒక రోజు, డిస్నీ వారిదే అయిన ఎప్కాట్‌కి ఒకటి, యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కి ఒకటి, సీవరల్డ్‌కి ఒక పూట. ఐదో రోజు దేనికీ రాసుకోకుండా ఖాళీగా ఉంచాలి. ఎందుకో రాకెట్ల దగ్గర తెలుస్తుంది.

పేరులో "సైన్స్" ఉంది కదా అని ఓర్లాండో సైన్స్ సెంటర్‌కి ఒక రోజు ఇవ్వాల్సిన పనిలేదు. పదేళ్ల లోపు పిల్లలకి అది బాగుంటుంది. తొమ్మిదో పదో తరగతి వాళ్లకి రోలర్ కోస్టర్ పట్టాలే అంతకన్నా మంచి ల్యాబ్. అయితే అన్ని రైడ్లూ ఒక్కోసారి చుట్టేయడం కాకుండా, నాలుగైదు ఎంచుకుని ఒక్కోటీ రెండుసార్లు ఎక్కేలా సమయం పెట్టుకోవాలి. మొదటిసారి భయంతోనో కేకలతోనో గడిచిపోతుంది. చూడటం రెండోసారే మొదలవుతుంది.

ముందుగా వాతావరణం. వేసవి సెలవుల్లో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు మెరుపులు దాదాపు రోజువారీ వ్యవహారం. ఫ్లోరిడా ద్వీపకల్పం ఎండకి వేడెక్కుతుంది. తూర్పున అట్లాంటిక్ నుంచీ పడమర గల్ఫ్ నుంచీ వచ్చే సముద్రపు గాలులు మధ్యలో ఢీకొని పైకి లేస్తాయి. ఆ ఢీకొనే చోటే ఓర్లాండో. పిడుగు దగ్గర్లో ఉందంటే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు, వాన పడకపోయినా సరే. అందుకే కోస్టర్లన్నీ గేటు తీసిన దగ్గర్నుంచి పదకొండున్నర లోపు ముగించి, పైకప్పు ఉన్నవి మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. డిసెంబరు మొదటి రెండు వారాల్లో వెళ్తే ఈ బాధా ఉండదు, క్రిస్మస్ వారపు తొక్కిసలాటా ఉండదు. బడి రెండు మూడు రోజులు పోతుంది, అంతే.

కెన్నడీ స్పేస్ సెంటర్ ఓర్లాండోకి తూర్పున కారులో సుమారు గంట దూరం. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, గేటుకి దగ్గర కదా అని అట్లాంటిస్ షటిల్‌తో మొదలుపెట్టడం. అక్కడ తేలి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన సాటర్న్ 5 రాకెట్ ఉన్న భవనానికి బస్సులోనే వెళ్లాలి, ఆఖరి బస్సు సెంటర్ మూసే వేళకి చాలా ముందే వెళ్లిపోతుంది. ఆలస్యంగా బస్సెక్కినవాళ్లు అక్కడ ఎక్కువసేపు ఉండలేక వెనక్కి వస్తారు. పొద్దున్నే తలుపు తీసే వేళకి చేరి నేరుగా బస్సు క్యూకి వెళ్లండి. టికెట్‌లోనే కలిసి ఉంటుంది, వేరే డబ్బు అక్కర్లేదు. దారిలో 525 అడుగుల ఎత్తున్న వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్, దూరంగా 39ఏ లాంచ్ ప్యాడ్ కనిపిస్తాయి. అపోలోలు బయల్దేరిన ఆ ప్యాడ్ నుంచే 2021 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి క్రూ-3 యాత్ర కమాండర్‌గా రాజా చారి వెళ్లారు. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చినవారు.

సాటర్న్ 5 పొడవు 363 అడుగులు, పడుకోబెట్టి ఉంటుంది. ఐదు ఎఫ్-1 ఇంజన్ల దగ్గర మొదలుపెట్టి కొస దాకా నడవండి. ఆ ఐదూ కలిసి సెకనుకి దాదాపు 13 టన్నుల కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మింగేవి. మొదటి దశ మండేది రెండు నిమిషాల నలభై సెకన్లు. గుణించమనండి: రెండు వేల టన్నులు దాటుతుంది. ఎదురుగా ఉన్న ఆ డబ్బా ఎందుకంత లావుగా ఉందో ఆ అంకె చెబుతుంది. ప్రపంచంలో ఇలాంటివి మిగిలినవి మూడే. చంద్రుడి రాయిని వేలితో తాకనిచ్చే చోటు కూడా ఈ భవనంలోనే ఉంది. ఇక్కడికి రెండున్నర గంటలు పెట్టుకోండి.

భోంచేసి అట్లాంటిస్‌కి రండి. 43.21 డిగ్రీలు వంచి నిలబెట్టారు. అంకెలు వరసగా చదివితే కౌంట్‌డౌన్. అందరూ పైనుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అసలు సరుకు కింద అంతస్తులో ఉంది: పొట్ట కింద నల్ల టైళ్లు. షటిల్ మీద అన్ని రకాల టైళ్లూ కలిపి 24 వేలకు పైగా ఉండేవి, ఒక్కోదానికీ సొంత నంబరు. ఇసుకలోని సిలికాతో తీసిన సన్నని పీచు, మిగతా తొంభై శాతం గాలే. పైభాగం 1,260 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, లోపలి అల్యూమినియం మాత్రం 175 డిగ్రీలు దాటకూడదు. టైళ్ల మధ్య సన్నని సందులు ఎందుకున్నాయని పిల్లల్నే అడగండి. వేడికి అల్యూమినియం బాగా సాగుతుంది, టైలు దాదాపు సాగదు. రెంటినీ నేరుగా అతికిస్తే టైలు పగిలిపోతుంది. అందుకే ప్రతి టైలు కిందా మెత్తటి ఫెల్ట్ పట్టీ పెట్టి, పక్కటైలుకి తగలకుండా సందు వదిలారు. మన సిమెంటు రోడ్ల మీద గీతలు కోసేది ఇలాంటి బాధకే.

అదే అంతస్తులో చాలెంజర్, కొలంబియా నౌకల్లో పోయిన పద్నాలుగు మంది జ్ఞాపకార్థం ఒక గ్యాలరీ ఉంది. ఒక్కొక్కరి సొంత వస్తువులు అద్దాల వెనక పెట్టారు, కల్పనా చావ్లావి కూడా. 2003లో కొలంబియాని ముంచింది ఈ నల్ల టైళ్లు కాదు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్క అంచుకి తగిలి చేసిన కంత. టైళ్లు చూసిన వెంటనే ఇక్కడికి వస్తే ఆ సంగతి మరింత బాగా పడుతుంది.

సాయంత్రం ఓర్లాండోకి తిరిగి రాకుండా ఆ రాత్రికి నది అవతలి ఒడ్డునున్న టైటస్‌విల్‌లో గది తీసుకోవడం మంచిది. కారణం రాకెట్లు. ప్రయోగాలు తరచుగా ఉంటాయి, వాయిదాలూ అంతే తరచుగా ఉంటాయి: పైగాలి, వాల్వు, సముద్రంలో దారి తప్పి వచ్చిన పడవ. ఆ ఐదో రోజు ఖాళీగా పెట్టుకోమన్నది ఇందుకే. నది ఒడ్డున స్పేస్ వ్యూ పార్కు నుంచి 39ఏ సుమారు 19 కిలోమీటర్లు. మంట కనపడగానే పిల్లల చేత స్టాప్‌వాచ్ నొక్కించండి. సెకనుకి 343 మీటర్ల లెక్కన చప్పుడు దాదాపు 55 సెకన్లకి రావాలి. ప్రయోగం లేకపోతే మరో పని ఉంది. వేసవిలో చంద్రుడు లేని రాత్రి ఇండియన్ రివర్ లగూన్‌లో కయాక్ వేసుకెళ్తే తెడ్డు పడ్డచోటల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయి. కదిలిస్తే వెలిగే ఏకకణ జీవులవి. పున్నమి దగ్గర్లో బుక్ చేసుకుంటే డబ్బు దండగ.

ఎప్కాట్‌లో బయట చూడాల్సింది ఆ పెద్ద గోళమే. వాన పడుతుంటే సరిగ్గా దాని కిందికి వెళ్లి నిలబడండి, అంచుల నుంచి ధార కారదు. పలకల మధ్య సందుల్లోంచి నీరు లోపలి కాలువల్లోకి దిగి చెరువుకి పోతుంది. ఇంటి ముందు చూరు నీళ్లతో ఏటా తంటాలు పడేవాళ్లకి ఇది రైడ్ కన్నా నచ్చుతుంది.

మిషన్: స్పేస్ అనే రైడ్‌లో రెండు రంగులు ఉంటాయి. ఆకుపచ్చది తిరగదు. నారింజది నిజమైన సెంట్రిఫ్యూజ్, యంత్రపు చేతుల చివర గదులు గిరగిర తిరుగుతుంటాయి, శరీరం మీద రెండు జీలకు, అంటే సొంత బరువుకి రెండింతలకు పైనే పడుతుంది. కిటికీలో ఆకాశం కనిపిస్తుంటే తిరుగుతున్నట్టు మెదడుకి తెలియదు, వెనక్కి నొక్కుతున్నట్టే అనిపిస్తుంది. తల పక్కకి తిప్పితే మాత్రం చెవిలోని ద్రవం ఒక మాట, కన్ను ఒక మాట చెప్పి వాంతి తెప్పిస్తాయి. తల సీటుకి ఆనించి, ఎదుటి తెర మీదే చూపు ఉంచాలి. కళ్లు మూసుకుంటే ఇంకా కష్టం. కడుపు నిండా తిని ఎక్కొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. ఇది ఎక్కాక ఒక అరగంట నెమ్మదిగా ఉండేది పెట్టుకోవాలి, దానికి లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ సరిగ్గా సరిపోతుంది. మట్టి లేకుండా నీటిలో పెరిగే కూర, గాలిలో వేలాడే వేళ్ల మీద పోషకాల తుంపర, పక్కన తిలాపియా చేపల తొట్లు. ఊర్లో పాలీహౌస్, డ్రిప్ చూసిన తాతయ్య వెంట ఉంటే మనవడికన్నా ఆయనే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. అక్కడే బిహైండ్ ద సీడ్స్ అని గంటపాటు నడిపించి చూపించే టూర్ ఉంది, అదనపు డబ్బు. ఎప్కాట్‌లో అదనంగా ఖర్చుపెట్టదగ్గది ఏదైనా ఉంటే అదే. టెస్ట్ ట్రాక్ కార్లు గంటకి 65 మైళ్ల దాకా పోతాయి, కానీ కొంత దారి బయట ఉండటంతో ఉరిమితే ఆగిపోతుంది. పొద్దున్నే కానివ్వండి.

ఇక వెలాసికోస్టర్ అనే రోలర్ కోస్టర్. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో మిగతావన్నీ దీని తర్వాతే. గొలుసుతో పైకి లాగడం ఉండదు, విద్యుదయస్కాంతాలు రైలుని తోస్తాయి. రెండో తోపులో 2.4 సెకన్లలో గంటకి 70 మైళ్లకి చేరుతుంది. వెంటనే 155 అడుగుల, అంటే 47 మీటర్ల దాదాపు నిట్టనిలువు గుట్ట. 70 మైళ్లంటే సెకనుకి 31.3 మీటర్లు. వర్గం చేసి, రెండింతల జీతో (జీ అంటే గురుత్వ త్వరణం, 9.8) భాగిస్తే 50 మీటర్లు వస్తుంది. చేతిలో ఉన్న శక్తి 50 మీటర్లకి, ఎక్కాల్సింది 47. రైలు శిఖరం మీద దాదాపు ఆగినట్టు పాకడం కింద నుంచే కనిపిస్తుంది, ఆ మూడు మీటర్ల తేడా అదే. గాలి ఎదురైనా, చక్రాలు చల్లబడి ఉన్నా ఇలాంటి రైళ్లు ఒక్కోసారి దాటలేక వెనక్కి జారతాయి. అది ప్రమాదం కాదు, ముందే లెక్కలో ఉన్నదే. లాంచ్ కోస్టర్లలో బ్రేకు రెక్కలు వెనక పైకి లేచి రైలుని పట్టుకుంటాయి.

ఆ బ్రేకులకి రాపిడి లేదు, కరెంటూ అక్కర్లేదు. లోహపు రెక్క పక్కనుంచి అయస్కాంతం వేగంగా పోతే రెక్కలో సుడి ప్రవాహాలు పుట్టి రైలుని వెనక్కి లాగుతాయి. వేగం తగ్గేకొద్దీ ఆ పట్టూ తగ్గుతుంది, కాబట్టి రైలుని పూర్తిగా నిలపడానికి మాత్రం వేరే బ్రేకు కావాలి. వెళ్లే ముందు ఇంట్లో ఒక అడుగు రాగి గొట్టంలో చిన్న నియోడిమియం అయస్కాంతం వదిలి చూపించండి, నిదానంగా దిగుతుంది. రైడ్ చివర రైలు నెమ్మదించే తీరు గుర్తుపడతారు.

వెలాసికోస్టర్‌కి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, మెటల్ డిటెక్టర్ ఉంది, లాకరు ఉచితం. ఫోన్ సెన్సర్లతో కొలతలు తీసే ఫిఫాక్స్ యాప్‌తో త్వరణం కొలుద్దామని వచ్చినవాళ్లు అక్కడే నీరుగారిపోతారు. ఆ సరదా హోటల్ లిఫ్టులో తీర్చుకోవచ్చు, లేదా ఫోన్ జిప్పు జేబులో ఉండనిచ్చే నెమ్మది రైడ్లలో. యాప్‌లో టైమ్డ్ రన్ పెట్టి జేబులో వేసుకోవాలి, చేత్తో పట్టుకోకూడదు. గుట్ట ఎత్తు కొలవడానికైతే ప్రొట్రాక్టర్, దారం, ఒక నట్టు చాలు: నేల మీద తెలిసిన దూరంలో నిలబడి కోణం చూసి టాంజెంట్ వేయడమే. కంటి ఎత్తు కలపడం మరిచిపోతే మీటరున్నర తేడా వస్తుంది.

సీవరల్డ్‌కి ఒక పూట మాకో అనే కోస్టర్ కోసమే. ఇది గొలుసుతో 200 అడుగులు ఎక్కి వదిలేసే రకం, వెలాసికోస్టర్‌కి సరిగ్గా వ్యతిరేకం. 61 మీటర్ల నుంచి ఏ నష్టమూ లేకుండా పడితే గంటకి 77 మైళ్ల వేగం రావాలి, పార్కు చెప్పేది 73. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయో రాత్రి భోజనాల దగ్గర చర్చ. దీన్ని ఒకసారి ముందు వరుసలో, ఒకసారి ఆఖరి వరుసలో ఎక్కండి. ముందున్నవాళ్లు శిఖరం దాటేటప్పుడు వెనక బరువంతా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, అందుకని నెమ్మదిగా వేలాడతారు. ఆఖరి వరుస దాటేసరికి ముందుభాగం అప్పటికే పడుతూ వేగం అందుకుని ఉంటుంది, సీట్లోంచి లేపి విసిరేసినట్టుంటుంది.

బసకి ఓర్లాండో పక్కనున్న కిసిమ్మీలో వంటగది ఉన్న ఇల్లు నాలుగు రాత్రులు, ఒక రాత్రి టైటస్‌విల్. పెద్దవాళ్లుంటే రైస్ కుక్కరు ఉన్న ఇల్లే సుఖం. డిస్నీ హోటల్లో ఉంటే రోజూ అరగంట ముందు లోపలికి పంపిస్తారు, డబ్బు కట్టి చిన్న క్యూలో వెళ్లే లైట్నింగ్ లేన్ ఏడు రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్లకి మూడు రోజులే. ఎప్కాట్ ఒక్క రోజు కోసం అంత అద్దె దండగ. యూనివర్సల్‌లో లెక్క వేరు. పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో గది తీసుకున్నవాళ్లకి పొడవాటి క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే వస్తుంది, దిగిన రోజుకీ ఖాళీ చేసే రోజుకీ కూడా. రద్దీ రోజుల్లో నలుగురికి విడిగా కొంటే అయ్యేదానితో ఒక రాత్రి అద్దె పోల్చి చూసుకోండి. యూనివర్సల్ వారి కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కి మాత్రం ఇది పనిచేయదు. ఒంటరిగా కూర్చోవడానికి అభ్యంతరం లేని టీనేజీ పిల్లలకి వెలాసికోస్టర్‌లో సింగిల్ రైడర్ క్యూ ఉంది, ఖర్చు లేదు.

డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు తప్ప. పులిహోర డబ్బా నిరభ్యంతరం. యూనివర్సల్‌లో అంత ఉదారం లేదు, చిన్న చిరుతిళ్లతో సరిపెట్టుకోవాలి.

కెన్నడీకి కారు తప్పదు. 528 రోడ్డు మీద టోల్ గేట్లున్నాయి, అద్దె కారు కంపెనీ పరికరం వాడితే టోల్‌తో పాటు రోజువారీ రుసుం వేస్తారు. ఓర్లాండో విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ అనే కార్డు ఉచితంగా ఇస్తారు. యాప్‌లో ముందే నమోదు చేసుకుని, అద్దానికి తగిలించుకుని, తిరిగి వెళ్లేటప్పుడు కారు అప్పగించే చోట ఉన్న డబ్బాలో వేసేయాలి.