రేణిగుంట నుంచి చంద్రగిరి దాకా: మా బావ నడక లెక్క

మా బావది కడప. రిటైరైన దగ్గర్నుంచి ఆయనకు నడక పిచ్చి పట్టుకుంది. సంక్రాంతి అయిన రెండో వారం ఫోన్ చేసి, "తిరుపతి చుట్టూ ఇన్ని స్టేషన్లున్నాయి కదా, ఒకదాన్నుంచి ఒకదానికి నడిచి చూద్దామా?" అన్నాడు. దేవుని కడప తిరుమలకు తొలి గడప కాబట్టి ఆ లెక్కన తాను ఇంటి దగ్గరే యాత్ర మొదలుపెట్టినట్టని కూడా చెప్పాడు. కాదంటే అక్క ఊరుకోదు. చిత్తూరులో బస్సెక్కి రేణిగుంట చేరుకున్నాను.

రేణిగుంటే ఎందుకంటే, ముంబై వైపు నుంచి కడప మీదుగా చెన్నై పోయే బళ్లు చాలావరకు తిరుపతి లోపలికి రావు. రేణిగుంటలో దిగాల్సిందే. అక్కడి నుంచి తిరుపతికి పది కిలోమీటర్లు. నడవొచ్చా అని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. మేము అరగంట నడిచాం. ఒక పక్క లారీలు, ఇంకో పక్క ఎయిర్‌పోర్టు కార్లు. నడిచేవాడికంటూ రోడ్డు అంచున మిగిలింది మట్టే. ప్రతి ఆటో మా పక్కన స్లో చేసి "సామీ, కొండకా? కాళహస్తికా?" అని అడిగిపోతోంది. ఐదో ఆటోకి బావ విసిగిపోయి, వెనక వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు. బస్సులకు ఆ దారిలో కొదవ లేదు.

మధ్యలో వచ్చే తిరుచానూరు స్టేషన్ గురించి ఒక మాట. పేరు చూసి అమ్మవారి గుడి పక్కనే అనుకుంటారు. కాదు. నిరుడు మా అమ్మతో అక్కడ దిగి గుడి దాకా నడిస్తే ముప్పావు గంట పట్టింది, దారంతా ఆమె నన్ను తిడుతూనే ఉంది. స్టేషన్ శుభ్రంగా ఉంటుంది, కుర్చీలు ఖాళీ, గాలి బాగుంటుంది. ఆగే బళ్లు మాత్రం తక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే తిరుపతి మెయిన్‌లోనే దిగి అమ్మవారి దగ్గరికి ఆటో మాట్లాడుకోవడం మేలు.

తిరుపతి బస్టాండులో దిగి రైల్వే స్టేషన్‌కు పదిహేను నిమిషాలు నడిచాం. ఈ నడక పనికొచ్చేదే. లగేజీ తక్కువైతే ఆటో అక్కర్లేదు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం. రెండూ టీటీడీవే. గది దొరికితే ఆ డబ్బుకు అంతకంటే మంచి బస ఊళ్లో లేదు. దొరకాలి కదా! క్యూలో గంటన్నర నిలబడ్డాక అయిపోయాయన్నారు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒక లాడ్జిలో దిగాం. గదికి కిటికీ ఉంది, తెరిస్తే మూరెడు దూరంలో పక్క బిల్డింగు గోడ. ఏసీ రిమోట్‌కు వేరే డిపాజిట్ అడిగారు. రాత్రి రెండింటికి పక్క గదిలో పెళ్లివాళ్లు దిగి, తలంబ్రాల చీర ఎవరి బ్యాగులో ఉందో తెల్లారేదాకా వెతికారు. ఒక్క మంచి సంగతి, తెల్లవారుజామున గుడి గంటలు గదిలోకి వినపడ్డాయి. లేచి గోపురం దాకా వెళ్లొస్తే రాత్రి చిరాకంతా పోయింది.

పొద్దున్నే గది ఖాళీ చేసి బ్యాగులు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టబోయాం. టికెట్ చూపించాం, ఆధార్ చూపించాం. కౌంటర్‌లోని ఆయన మా బావ బ్యాగు జిప్పు పట్టుకుని ఊపి, "తాళం ఏదండీ?" అన్నాడు. తాళం లేని బ్యాగు తీసుకోరు, అది రైల్వే రూలు. బావ పిన్నీసు పెడతానన్నాడు, ఒప్పుకోలేదు. బయట బండిమీద ప్లాస్టిక్ దువ్వెనలు, గోవింద నామాల టవళ్ల మధ్య ఇత్తడి రంగు తాళాలు వేలాడుతున్నాయి. ఎనభై చెప్పి అరవైకిచ్చాడు. బావ తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

మెయిన్ నుంచి తిరుపతి వెస్ట్‌కు నడక ముప్పావు గంట. ఊరి నడకంటే నాకు ఇదే ఇష్టం. గాంధీ రోడ్డు ఇంకా నీళ్లు చల్లుకుంటూ ఉంటుంది, పూల బుట్టలు దిగుతుంటాయి. టౌన్ క్లబ్ దాటాక యాత్రికుల ఊరు కాస్తా కాలేజీల ఊరు అయిపోతుంది. గుండ్లు తగ్గి పుస్తకాల సంచులు పెరుగుతాయి. బాలాజీ కాలనీలో ఎర్రకారం దోసె తిన్నాం. పెనం మీదే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మడిచి విస్తరాకు ముక్క మీద పెట్టాడు. బావ రెండోది అడిగాడు. వెస్ట్ చర్చి దగ్గర రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జి ఉంది. పెద్ద వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి, ఆ రోజు ఆ దారి పట్టొద్దు.

వెస్ట్ స్టేషన్ చిన్నది. కాట్పాడి వైపు పోయే ప్యాసింజర్లు ఆగుతాయి. రోజుకు కొన్నే, టైము చూసుకోకుండా వెళ్తే చెట్టు కింద కూర్చోవాల్సిందే. తిరుపతి, పాకాల, కాట్పాడి లైను 104 కిలోమీటర్లు, ఇప్పటికీ సింగిల్ లైనే. దీన్ని డబుల్ చేయడానికి 1,332 కోట్లతో కేంద్ర కేబినెట్ 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఎదురు బండి కోసం మా బండి ఆగినప్పుడల్లా బావ ఈ సంగతి నాకు గుర్తుచేశాడు. చంద్రగిరికి టికెట్ పది రూపాయలు. అదే ఆటోకైతే ఎంత అడుగుతారో చెప్పను, బావ బీపీ పెరుగుతుంది.

చంద్రగిరిలో దిగాక ఊరు దాటి కోటకు నడిచాం. కొండ కింద రాజమహల్, ఆ పక్కన రాణీమహల్. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్లకు అనుమతి దొరికింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదంటారు. మూడంతస్తులు, లోపల మ్యూజియం. గోడకు చెయ్యి ఆనిస్తే మధ్యాహ్నం కూడా చల్లగా తగిలింది. శుక్రవారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి. తాగేనీళ్లు వెంట తీసుకెళ్లాలి. లోపల అమ్మే చోటు వెతుక్కునే ఓపిక మాకు లేకపోయింది.

అసలు నడక అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం దాకా. గంట పైనే పట్టింది. ఒకవైపు మామిడి తోటలు, అప్పుడే పూత పట్టి తేనెటీగల మోత. ఎదురుగా శేషాచలం కొండ మొత్తం కళ్ల ముందు పరుచుకుని ఉంది. తిరుపతి ఊళ్లో ఉండి చూస్తే కొండ ఇళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. బావ మొదటిసారి కిలోమీటర్ల లెక్క మరిచిపోయి మాట్లాడకుండా నడిచాడు. మంగాపురంలో కల్యాణ వెంకన్న గుడిలో కొత్త జంటలే ఎక్కువ. పెళ్లయిన కొత్తలో శ్రీనివాసుడు పద్మావతితో ఇక్కడే ఉన్నాడని కథ. పసుపు బట్టల్లో ఉన్న ఒక పెళ్లికొడుకు చెప్పులు పోయి, ఎండలో నేల కాలుతుంటే గెంతుతున్నాడు.

ఇంకా ఓపికుంటే అక్కడి నుంచి శ్రీవారి మెట్టుకు పోవచ్చు. 2,388 మెట్లే, అలిపిరి దారిలోని 3,550తో పోలిస్తే తక్కువ. కానీ ఎక్కుడు నిలువుగా ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే పైకి వదలరు. అప్పటికే నాలుగున్నర. బావ మోకాలు పట్టుకున్నాడు, నేను బస్సు పట్టుకున్నాను.

ఆ రాత్రికి స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకున్నాం. బావకు మర్నాటి రిజర్వేషన్ టికెట్ ఉండటంతో ఆ పీఎన్ఆర్ మీద దొరికింది. లాడ్జి కంటే నయం. పరుపు గట్టిది, బాత్రూం శుభ్రం. కాకపోతే "దయచేసి వినండి" రాత్రంతా వినక తప్పదు.

కానీ గదికి పోయేముందు బ్యాగులు తెచ్చుకోవాలి కదా. క్లోక్‌రూమ్ దగ్గర బావ చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తడిమాడు. తాళంచెవి లేదు. రాజమహల్ మెట్ల మీద చొక్కా విదిలించి చెమట తుడుచుకోవడం నాకు గుర్తుంది, నేను పైకి అనలేదు. బ్యాగు బయటికి తెచ్చి, పొద్దున తాళం అమ్మినవాడి బండి దగ్గరే నిలబడ్డాం. వాడు బండి కింద నుంచి సుత్తి తీసి ఒక్క దెబ్బ వేశాడు. తాళం విడిపోయింది.

"ఇంకోటి ఇమ్మంటావా సామీ?" అన్నాడు.