ట్యాబ్‌కి పెన్‌డ్రైవ్, కీబోర్డు, హార్డ్‌డిస్క్: ఓటీజీ సరిపోతుందా, హబ్ కొనాలా?

ట్యాబ్‌కి ఉన్నది ఒకటే పోర్టు. చార్జరు అక్కడే, పెన్‌డ్రైవ్ అక్కడే, కీబోర్డూ మౌసూ అక్కడే. షాపుకెళ్తే మూడు రకాలు ముందు పెడతారు: ట్యాబ్ పోర్టుకి పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి తగిలించే, వంద, రెండొందలకు దొరికే ఓటీజీ (ఆన్‌-ద‌-గో) ముక్క, ఒక పోర్టుని నాలుగు చేసే మామూలు హబ్, పక్కన చార్జరు కూడా గుచ్చుకునే పీడీ (పవర్ డెలివరీ) హబ్. గోడ ప్లగ్గుకి పెట్టే సొంత అడాప్టరుతో వచ్చే నాలుగో రకం అడిగితే తప్ప బయటికి తీయరు. చాలామంది పోర్టులు లెక్కపెట్టి కొంటారు. అసలు అడగాల్సింది, గుచ్చిన వస్తువులకి కరెంటు ఎవరిస్తున్నారని.

ముందు ఆ లెక్క చూద్దాం. 5 వోల్టుల దగ్గర యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులు, 3.0 అయితే 900. వైరున్న కీబోర్డు, మౌసు మామూలుగా ఒక్కోటి 100 లోపే తింటాయి. లైట్లు మెరిసే గేమింగ్ కీబోర్డు సంగతి వేరు. పెన్‌డ్రైవ్ ఫైలు రాసేటప్పుడు 100 నుంచి 300 దాకా లాగుతుంది. చిక్కంతా 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌తోనే. తిరుగుతున్నంతసేపు ఓ మోస్తరుగా తీసుకున్నా, లోపలి పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లు ఒక ఆంపియర్ దాకా అడుగుతుంది. అది అందకపోతే ‘టక్, టక్’ మని చప్పుడు చేస్తూ మళ్లీ మళ్లీ మొదలవుతుంది, ట్యాబ్‌లో మాత్రం ఏమీ కనపడదు. డిస్కు పోయిందని డేటా రికవరీ వాళ్ల దగ్గరికి పరిగెత్తేముందు ఒకసారి కంప్యూటర్‌కి పెట్టి చూడండి.

ఒక్క పెన్‌డ్రైవో, ఒక్క కీబోర్డో పెట్టుకునేవాళ్లకి ఓటీజీ ముక్క చాలు, హబ్ దండగ. దీని పనల్లా ‘ఇప్పుడు నువ్వే యజమానివి, కరెంటు నువ్వే ఇవ్వాలి’ అని ట్యాబ్‌కి చెప్పడం. పాత మైక్రో యూఎస్‌బీలో నాలుగో పిన్నుని గ్రౌండ్‌కి కలిపి ఆ మాట చెబుతారు. టైప్‌-సిలో సీసీ అనే పిన్ను దగ్గర 5.1 కిలోఓమ్‌ల రెసిస్టరు చెబుతుంది. మామూలు చార్జింగ్ కేబుల్‌కి జాయినరు తగిలించి పెన్‌డ్రైవ్ పెడితే పనిచేయకపోవడానికి కారణం ఇదే: తీగలన్నీ ఉన్నా ఆ సంకేతం లేదు. సంకేతం ఉన్నా పనిచేయకపోతే సెట్టింగుల్లో ‘ఓటీజీ’ అని వెతకండి. కొన్ని కంపెనీలు దానికి విడిగా స్విచ్చి పెట్టాయి. కాసేపు వాడకపోతే అది దానంతటదే ఆఫ్ అయిపోతుంది కూడా. కొనేటప్పుడు గట్టి ముక్క కాకుండా నాలుగంగుళాల తీగతో ఉన్నది తీసుకోండి. గట్టిదానికి పొడుగాటి పెన్‌డ్రైవ్ తగిలిస్తే చెయ్యి తగిలిన ప్రతిసారీ ఆ బరువంతా ట్యాబ్ పోర్టు మీద పడుతుంది.

చార్జరు పెట్టే వీలులేని నాలుగు పోర్టుల హబ్ విషయంలో మా మాట, కీబోర్డు, మౌసు, ఒక పెన్‌డ్రైవ్ దాటనంతవరకే అది కొనండి. పోర్టులు నాలుగైనా కరెంటు మాత్రం ట్యాబ్ ఇచ్చే ఆ ఒక్క వాటానే, అందులో హబ్‌కి కూడా కొంత పోతుంది. ఇలాంటి యూఎస్‌బీ 2.0 హబ్ నియమం ప్రకారం ఒక్కో పోర్టుకి హామీ ఇచ్చేది 100 మిల్లీఆంపులే. అందుకే పెన్‌డ్రైవ్ గుచ్చగానే కనపడుతుంది, పెద్ద ఫైలు కాపీ పెట్టగానే మాయమవుతుంది.

అసలు పోటీ పీడీ హబ్‌కీ, సొంత అడాప్టరున్న పవర్డ్ హబ్‌కీ మధ్యే.

పీడీ హబ్‌కి చార్జరు పెడితే ట్యాబ్‌కి చార్జింగూ ఎక్కుతుంది, గుచ్చిన వస్తువులకీ కరెంటు అందుతుంది. 45 వాట్ల చార్జరు పెడితే 10, 15 వాట్లు హబ్ తన దగ్గర అట్టిపెట్టుకుని మిగతాది ట్యాబ్‌కి పంపుతుంది. పాత 10 వాట్ల చార్జరు పెట్టి ‘ఎక్కట్లేదు’ అంటే తప్పు హబ్‌ది కాదు. కంపెనీ సొంత ఫాస్ట్ చార్జింగ్ కూడా సాధారణంగా హబ్ గుండా నడవదు, పీడీ అని రాసి ఉన్న చార్జరే కావాలి. దీనికున్న పెద్ద లోపం డబ్బా మీద రాయరు: చార్జరు తీసినా పెట్టినా చాలా హబ్‌లు ట్యాబ్‌తో కరెంటు ఒప్పందం మళ్లీ మొదటినుంచి మాట్లాడుకుంటాయి. ఆ క్షణంలో పెన్‌డ్రైవ్, డిస్కు ఊడిపోయి మళ్లీ తగులుకుంటాయి. కాపీ నడుస్తుంటే ఫైలు సగంలో ఆగుతుంది, ఒక్కోసారి డ్రైవ్ ఫార్మాటే చెడుతుంది. కాపీ మధ్యలో చార్జరు జోలికి పోకూడదు. మన దగ్గర కరెంటు పోయినా ఇదే జరుగుతుంది, కాబట్టి చార్జరుని ఇన్వర్టరు లైన్లో పెట్టుకోవడం మేలు.

పవర్డ్ హబ్ హార్డ్‌డిస్క్‌ని చక్కగా మోస్తుంది, కానీ ఓటీజీ ద్వారా తగిలిస్తే ట్యాబ్‌ని చార్జ్ చేయదు. రెండు గంటల పనైతే బ్యాటరీ చూసుకుని మొదలుపెట్టాలి. బల్ల మీంచి కదలని పనికి, టైప్‌-సి లేని పాత ట్యాబ్‌కి ఇదే సరి. టైప్‌-సి ట్యాబ్ ఉండి, బ్యాగులో వేసుకు తిరిగేవాళ్లకి పీడీ హబ్. డిస్కు ఒక్కటే సమస్యయితే రెండూ అక్కర్లేదు: రెండు తలల వై కేబుల్ కొని, రెండో తల పవర్ బ్యాంకుకి పెడితే సరిపోతుంది.

వేగం కోసం డబ్బు పెట్టేముందు ట్యాబ్ పోర్టు ఏమిటో చూడండి. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌కి టైప్‌-సి ఉన్నా అందులో డేటా వేగం సెకనుకి 480 మెగాబిట్లే, అంటే యూఎస్‌బీ 2.0. అలాంటి పోర్టులో 10 జీబీ కాపీకి అటూఇటుగా ఐదు నిమిషాలు పడుతుంది, ఎంత ఖరీదైన హబ్ పెట్టినా అంతే. హెచ్‌డీఎంఐ పోర్టున్న హబ్‌తో టీవీకి బొమ్మ రావాలంటే ట్యాబ్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్‌-సి పోర్టు గుండా బొమ్మ పంపే ఏర్పాటు) ఉండాలి. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో అది సాధారణంగా ఉండదు. పైన చెప్పిన ఐప్యాడ్‌లో మాత్రం ఉంది.

ఇంకో చిన్న తలనొప్పి. వైర్‌లెస్ మౌసు రిసీవరు హబ్‌లో యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్ పక్కనే పెడితే బాణం గెంతుతుంది. 3.0 డేటా పుట్టించే రొద, మౌసు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది మరి. రిసీవరుని దూరపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో జరపండి.

షాపులోనే తేల్చుకోవాలంటే ట్యాబ్, చార్జరు, మీ డిస్కు మూడూ వెంట తీసుకెళ్లండి. డిస్కులో ముఖ్యమైనవేవీ లేకుండా చూసుకోండి. హబ్‌కి అన్నీ పెట్టి, 2 జీబీ ఫైలు కాపీ మొదలుపెట్టి, సగంలో చార్జరు పీకండి. కాపీ ఆగకపోతే ఆ హబ్ తెచ్చుకోండి. ఆగితే ఇంకోటి చూపించమనండి.