26 ముక్కల ఆంధ్రప్రదేశ్ చెక్క పటం: కొనదగినదే, కానీ నదులు మీరే వేసుకోవాలి

కర్నూలు స్టేషనరీ షాపుల్లో దొరికే ఈ పటంలో 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన) పలక, అందులో కూర్చునే 26 జిల్లా ముక్కలు, ఒక చిన్న దిక్సూచి ఉంటాయి. పలక వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. 4, 5 తరగతుల పరిసరాల విజ్ఞానానికి బాగా పనికొస్తుంది. మూడో తరగతికి వద్దు. తమ తరగతి గది నక్షా ఇంకా గీయని పిల్లలకు జిల్లా హద్దు వట్టి బొమ్మే.

ముక్కలు లేజరుతో కోసినవి, అంచుల మసి చేతులకూ యూనిఫాంకూ అంటుతుంది. వాడే ముందు 120 నంబరు సాండ్ పేపర్‌తో మెల్లగా రుద్ది పొడిగుడ్డతో తుడవండి. తడిగుడ్డ తగిలిస్తే ఎండీఎఫ్ ఉబ్బి ముక్క గూట్లో కూర్చోదు. అన్నిటికన్నా ముందు పోయేది విశాఖపట్నం, రెండు సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది మరి. మొదటి రోజే ముక్కలన్నిటినీ చార్టు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి దాచుకుంటే, పోయినదాన్ని అట్టతో కోసుకోవచ్చు.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయిన సంగతి చెప్పడానికి ఈ ముక్కలు చక్కగా కుదురుతాయి. కర్నూలు, నంద్యాల కలిపితే పాత కర్నూలు జిల్లా, అనంతపురం, శ్రీ సత్యసాయి కలిపితే పాత అనంతపురం. కడప దగ్గర మాత్రం జాగ్రత్త. 2022 హద్దుల ప్రకారం అన్నమయ్య ముక్కలో రాయచోటి, రాజంపేటలతో పాటు పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె వైపు కూడా ఉంది కాబట్టి, కడప, అన్నమయ్య ముక్కలు కలిపినా పాత కడప రాదు. ఎందుకు రాదో పిల్లలతోనే వెతికించాలి. జిల్లాల హద్దులు మారితే చెక్క మారదు, ఆ లోటు ఏ పజిల్‌కైనా తప్పదు.

అసలు లోపం నదులది. వాటిని ముక్కల మీద అచ్చువేశారు, ముక్క తీస్తే నదీ పోతుంది. అడుగు పలక మీద వేసి ఉండాల్సింది. నీలం ఉన్ని దారం కొని, మైనపు క్లే చిన్న ఉండలతో అక్కడక్కడ అంటించండి. పెన్నతో మొదలుపెడితే మంచిది. నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు నుంచి వచ్చి, పటంలో పైకి, అంటే ఉత్తరానికి పోతుంది. పెన్నహోబిలం దాటాక తూర్పుకు మళ్ళి పామిడి, తాడిపత్రి, గండికోట మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పటంలో పైన ఉన్నది ఎత్తు, కింద ఉన్నది పల్లం అని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఆ భ్రమ పోగొట్టడానికి పెన్న ఒక్కటి చాలు. కావాలంటే ఉత్తరానికి పారి కర్నూల్లో తుంగభద్రలో కలిసే హంద్రీని, దక్షిణానికి పారే కుందూని పక్కపక్కన వేయించండి.

పలకను గోడకు తగిలించకండి, నేల మీద ఉత్తరానికి తిప్పి పరచండి. ఇచ్చిన దిక్సూచి ఇనుప బెంచీ మీద తప్పు చూపిస్తుంది, మొబైల్ పక్కన ఉన్నా అంతే. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందన్న చిట్కా కూడా బడి తెరిచిన జూన్, జూలైల్లో ఇక్కడ పనిచేయదు. అప్పుడు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, ఆ కాస్త నీడా దక్షిణానికే పడుతుంది. ఆ నెలల్లో కర్నూలులో సూర్యుడు నడినెత్తి దగ్గరికి వచ్చేది సుమారు 12.20కి. కాబట్టి నిలువుగా పాతిన కర్ర నీడ కొసను 11.20కి ఒకసారి, 1.20కి ఒకసారి గుర్తుపెట్టి గీత కలపండి. మొదటి గుర్తు పడమర, రెండోది తూర్పు. ఈ పద్ధతి ఏ నెలలోనైనా పనిచేస్తుంది, గుర్తుపెట్టే వేళలు మాత్రం కొద్ది నిమిషాలు అటూఇటూ జరపాలి.

స్కేలు గీత కూడా వేయలేదు. కర్నూలు నుంచి అనంతపురానికి తిన్నగా సుమారు 135 కిలోమీటర్లు, పలక మీద 9 సెంటీమీటర్లు వస్తుంది. అంటే సెంటీమీటరుకు 15. దాంతో కర్నూలు–కడప దూరం పిల్లలే లెక్కకట్టగలరు. 11.5 సెంటీమీటర్లు, 170 పైచిలుకు కిలోమీటర్లు. బస్సు దారిలో దూరం అంతకన్నా ఎక్కువెందుకని అడుగుతారు, అడగాలి కూడా. కొలతకు నూలు దారమే వాడండి, ఉన్ని సాగుతుంది.

ఒక పలక చుట్టూ ఐదుగురు కూర్చోగలరు. 30 మంది ఉన్న తరగతికి ఒక్కటే కొంటే మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు. ఆరు కొనే బడ్జెట్టు లేకపోతే రెండు పలకలు కొని, మిగిలిన గుంపులకు చార్టు మీద గీసిన హద్దులూ దారమూ ఇచ్చి వంతులు మార్చండి.