కృష్ణా నీళ్లలో ఆక్వా సాయిల్: మూడేళ్ల వాడకం తరువాత

2022 డిసెంబరులో మా మూడడుగుల మొక్కల ట్యాంకు (మొక్కలు, చేపలు ఉండే గాజు తొట్టి) అడుగున పరచడానికి ఆక్వా సాయిల్ అనే గుళికల మట్టిని 9 లీటర్ల సంచులు మూడు కొన్నాను. మొదటి ఐదు నెలల్లో దాని గురించి అడిగిన ప్రతివారికీ, ధర చూసి వెనకాడకుండా కొనమని ఒకే మాట చెప్పాను. నా మాట నమ్మి కనీసం ఇద్దరు కొన్నారు కనుక, ఆ మాటలో ఎంత నిలిచిందో, ఎంత నిలవలేదో రాయవలసిన బాధ్యత నా మీద ఉంది. సాయిల్ అంటే ఏమిటి, ముందువైపు ఎన్ని అంగుళాలు, వెనకవైపు ఎన్ని అంగుళాలు పరచాలి అన్న సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేను చెప్పదలచినది దాని ఒక్క గుణం గురించే. అది నీటిలోని క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్‌ను) పీల్చుకుని పీహెచ్‌ను కిందికి దించి, నీటిని ఆమ్లం వైపు తిప్పే గుణం. సంచి మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉన్నది అదే. ఇసుక, గ్రావెల్ కాదనుకుని నేను అంత డబ్బు పెట్టింది కూడా దాని కోసమే.

ముందుగా న్యాయంగా చెప్పవలసినది చెబుతాను. మొక్కలు ఈ సాయిల్‌లో పెరిగినట్టు నేను ట్యాంకు అడుగున వాడిన మరే పొరలోనూ పెరగలేదు. నేల మీద పాకే మాంటే కార్లో మొక్క ఏడు వారాల్లో ముందుభాగం అంతా తివాచీలా అల్లుకుంది. రొటాలా మొక్కల కొనలు ఎర్రబడ్డాయి. మొదటి వారాల్లో సాయిల్ నుంచి అమ్మోనియా దిగుతుందని ముందే తెలుసు కనుక, చేపలు లేకుండా ఐదు వారాలు ఓపిక పట్టి, ఆ తరువాతే 24 కార్డినల్ టెట్రాలను, 8 రాస్‌బోరాలను వదిలాను.

మాది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంటు. కుళాయి నీటి కేహెచ్ (క్షారతను డిగ్రీల్లో చెప్పే కొలత) మా ఇంట్లో 8 దగ్గర, పీహెచ్ 7.8 దగ్గర ఉంటుంది. పల్నాటి సున్నపురాతి నేలలను ఒరుసుకుంటూ ప్రకాశం బ్యారేజీకి చేరే నీటిలో బైకార్బొనేట్ ఉండడంలో వింత ఏమీ లేదు. అటువంటి నీరు పోస్తే ట్యాంకులో నెల తిరిగేసరికి కేహెచ్ 1కి, పీహెచ్ 6.3కి దిగింది. ప్రతి ఆదివారం 25 లీటర్లు తీసి 25 లీటర్లు పోసేవాణ్ని. బుధవారం పరీక్షిస్తే కేహెచ్ మళ్లీ 1కి వచ్చేసేది. ఆ ఐదు నెలలూ ఆ అంకెను చూసుకోవడమే నాకు పెద్ద సంతోషంగా ఉండేది. ఆర్‌ఓ నీరు కలపకుండా, రసాయనాలు వేయకుండా, అమెజాన్ ఉపనదుల చేపకు మన కృష్ణా నీటిని అనుకూలంగా మార్చే మట్టి దొరికిందని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఆ క్షారత ఎక్కడికి పోతున్నదని మాత్రం అప్పుడు ఆలోచించలేదు. సాయిల్ గుళికలలోని బంకమట్టి, కుళ్లిన సేంద్రియ పదార్థం నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటికి బదులు హైడ్రోజన్ అయాన్లను విడుస్తాయి. ఆ హైడ్రోజన్ బైకార్బొనేట్‌తో కలిసి దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గానూ నీరుగానూ మారుస్తుంది. గుళికలో ఆ మార్పిడికి ఉన్న చోటు పరిమితమైనది, నిండిన చోటు దానంతట అది మళ్లీ ఖాళీ కాదు. కేహెచ్ ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం కనుక, 8 డిగ్రీల నీరు 25 లీటర్లు పోసిన ప్రతి ఆదివారమూ నేను ట్యాంకులో దాదాపు మూడున్నర గ్రాముల సున్నపురాయిని వేస్తున్నట్టే లెక్క. సాయిల్ దాన్ని కిక్కురుమనకుండా మింగింది కాబట్టి ఖర్చవుతున్నది నా కంటికి కనిపించలేదు.

2023 మే రెండో వారంలో వెనక మూలనున్న క్రిప్టోకొరైన్ వెండ్టై గుబురు మరీ పెద్దదై వెలుతురుకు అడ్డం వస్తున్నదని ఒక శనివారం సాయంత్రం దాన్ని పీకాను. వేళ్లు జానెడు దూరం వరకు పాకి ఉన్నందున, సాయిల్‌లో సగం భాగం వాటితోపాటు పైకి లేచింది. ట్యాంకు టీ రంగుకు తిరిగింది. రాత్రంతా ఫిల్టర్ నడిచినా మసక తగ్గకపోవడంతో, మరునాటి ఉదయం ఎప్పటి 25 లీటర్లకు బదులు 80 లీటర్లు మార్చాలని నిర్ణయించుకున్నాను. అన్నీ కలిపి ట్యాంకులో నిలిచే నీరే 145 లీటర్లు. ఆ వారం మా అపార్ట్‌మెంటు సంపుకు మరమ్మతు జరుగుతున్నదనీ, పై ట్యాంకులోకి రెండు రోజులుగా బోరు నీళ్లే ఎక్కిస్తున్నారనీ నాకు తెలియదు. వాచ్‌మన్‌ను అడిగి ఉంటే చెప్పేవాడు. అన్నీ అయ్యాక అడిగినప్పుడు, "శుక్రవారం నుంచీ బోరేనండీ, వంటకి టిన్నులు తెచ్చుకుంటన్నారు కదా అందరూ" అన్నాడు. ఆ టిన్నులు మా ఇంటికీ వచ్చాయి. వాటికీ కుళాయికీ ఉన్న సంబంధం నా బుద్ధికి తట్టలేదు.

నీళ్లు పోసిన నలభై నిమిషాలకు టెట్రాలు పైకి చేరి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. మొదట ఎండ వల్ల అనుకున్నాను. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్న మాట నిజమే, కానీ ముందు రోజు కూడా అంతే ఉంది. గాలి బుడగలు వదిలే రాయి వేశాను, ఏమీ మారలేదు. అప్పుడు టెస్ట్ కిట్ తీస్తే పీహెచ్ 7.8, కేహెచ్ 10, అమ్మోనియా 4. బోరు నీటిని విడిగా పరీక్షిస్తే దాని కేహెచ్ 18. ఆ అంకెలు పక్కపక్కన రాసుకున్నాక జరిగినది అర్థమైంది. వేళ్లతోపాటు పైకి లేచిన సాయిల్ తనలో దాచుకున్న అమ్మోనియంను నీటిలోకి వదిలింది. దాన్ని నైట్రేట్‌గా మార్చవలసిన బాక్టీరియా 6.3 పీహెచ్‌లో, క్షారత లేని నీటిలో, మందకొడిగా పనిచేస్తాయి. ఆ పీహెచ్‌లో మాత్రం అమ్మోనియా దాదాపు అంతా ప్రమాదం లేని అమ్మోనియం రూపంలోనే ఉంటుంది, అందుకే శనివారం రాత్రి చేపలు మామూలుగా ఈదాయి. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 6.3 నుంచి 7.8కి ఎక్కితే, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా వెయ్యిలో ఒకటి రెండు వంతుల నుంచి నూటికి ఐదు వంతుల దాకా, అంటే దాదాపు 30 రెట్లు పెరుగుతుంది. మంచి జరగాలని పోసిన నీళ్లే దాన్ని విషంగా మార్చాయి.

ఇంట్లో ఉన్న రెండు తాగునీటి టిన్నులను, అవి ఆర్‌ఓ నీళ్లే కనుక, సన్నని గొట్టంతో రెండు గంటల సేపు వదిలాను. పీహెచ్ 7.4కి దిగింది. సాయంత్రానికి 24 టెట్రాలలో 17 పోయాయి, రాస్‌బోరాలలో మూడు పోయాయి. మా అమ్మాయి వాటికి పేర్లు పెట్టుకుంది. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బాబాయికి ఆ రాత్రి ఫోన్ చేస్తే, "అమ్మోనియా మా చెరువుల్లో ఎప్పుడూ ఉంటుందిరా, మధ్యాహ్నం పీహెచ్ ఎక్కినప్పుడే అది చేపను కొడుతుంది. నువ్వు అడుగు చూసుకున్నావు గానీ నీళ్లు చూసుకోలేదు" అన్నారు. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే చెరువు పీహెచ్ పెరుగుతుందనీ, అందుకే అక్కడ రైతులు పొద్దునా మధ్యాహ్నమూ పరీక్షిస్తారనీ ఆయన వివరంగా చెప్పారు. చెరువుల్లో చల్లే, అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ అనే ఖనిజం అరకిలో పంపించారు. దాన్ని గుడ్డసంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టాక నాలుగో రోజుకు అమ్మోనియా సున్నాకు వచ్చింది.

అసలు విషయం ఆ తరువాత నెలల్లో తెలిసింది. కుళాయికి మళ్లీ కృష్ణా నీళ్లు వచ్చాయి, నేను మళ్లీ ఆదివారం 25 లీటర్లకు వచ్చాను. ట్యాంకు కేహెచ్ మాత్రం 6 కంటే కిందికి ఇంకెప్పుడూ దిగలేదు. 18 డిగ్రీల నీరు 80 లీటర్లంటే దాదాపు 26 గ్రాముల సున్నపురాయి. మామూలుగా ఏడు వారాల్లో పడే భారం ఆ సాయిల్ మీద ఒక్క పూటలో పడింది, అప్పటికే దానిలో మిగిలిన శక్తి కొద్దిగానే ఉంది. బోరు నీళ్లు పోయకపోయినా ఆ గుణం మరికొన్ని నెలలకు అయిపోయేదే. జపాన్‌లో మొక్కల ట్యాంకులు పెంచే ఈ పద్ధతికి పేరు తెచ్చిన తకాషి అమానో వంటివారి ట్యాంకులు చూసి మనం ముచ్చటపడతాం కానీ, జపాన్ కుళాయి నీళ్లు చాలాచోట్ల సహజంగానే మెత్తనివన్న, అంటే సున్నం తక్కువన్న, సంగతిని ఆ ముచ్చటలో కలపం. అక్కడ సాయిల్ మీద పడే పని వేరు, ఇక్కడ పడే పని వేరు. కొన్న రోజున దుకాణదారుడు మా నీళ్లు ఎలాంటివని అడగలేదు, నేనూ చెప్పలేదు.

అందువల్ల మొదట్లో నేను చేసిన పొగడ్తను ఇలా సవరించుకుంటున్నాను. మొక్కలకు ఈ సాయిల్ మంచిది, ఇప్పటికీ మంచిదే. కేహెచ్ 6కి చేరాక కూడా క్రిప్టోకొరైన్‌లు, రొటాలా పెరిగాయి, రొటాలా ఎరుపు మాత్రం కొంత తగ్గింది. నీటిని మెత్తబరచడమన్నది మా కుళాయి నీటితో ఆరు నెలల భాగ్యం, అంతకు మించి లెక్కలో వేసుకోకూడదు. గుళికల గట్టిదనం గురించి కూడా ఒక మాట. రెండో ఏడు దాటాక వెనకవైపు గుళికలు వేలితో నొక్కితే మెత్తగా చితికిపోతున్నాయి. మొక్క నాటిన ప్రతిసారీ బురద లేస్తున్నది. గుళికల రూపం చెదరదని అడిగినవారికి మొదటి ఏడాదిలో నేను గట్టిగా చెప్పాను, ఆ మాట ఆ మొదటి ఏడాదికే వర్తిస్తుంది.

2023 జూన్‌లో, ఆ దెబ్బ తిన్న మరుసటి నెలలోనే, రెండడుగుల రెండో ట్యాంకు పెట్టాను. దానిలో ఏ గుణమూ లేని అడుగు ఉండాలని పట్టుబట్టి, పక్క వీధిలో కడుతున్న ఇంటివారిని అడిగి రెండు గమేళాల కృష్ణ ఇసుక తెచ్చాను. జల్లెడ పట్టి, సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులను మాత్రం ఉంచి, నీరు తేటపడేదాకా పదిహేను సార్లు కడిగాను. వెనిగర్ పోస్తే అక్కడక్కడ నురగ వచ్చింది, సన్నని నత్తగుల్లల ముక్కలు కలిసి ఉంటాయి మరి. నీరే గట్టిదైనప్పుడు ఆ కాస్త సున్నం లెక్కలోకి రాదని వదిలేశాను. వేళ్ల దగ్గర రెండు నెలలకొకసారి ఎరువు బిళ్లలు గుచ్చడం తప్ప దానికి వేరే సేవ లేదు.

మొదటి మూడు నెలలు ఆ ట్యాంకు నన్ను నిరుత్సాహపరచింది. క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగిపోయాయి, ఇక లేదనుకున్నాను. నాలుగో నెలలో కొత్త ఆకులు వచ్చాయి, ఆ తరువాత ఆగలేదు. మన కాలువల్లో పెరిగే వాలిస్నేరియా అయితే ఆరు నెలల్లో వెనక గోడంతా కమ్మేసింది. ఆ మొక్క బైకార్బొనేట్ నుంచే తనకు కావలసిన కార్బన్ తీసుకోగలదు కనుక, నేను శత్రువనుకున్న గట్టి నీరు దానికి తిండి అయింది. మీసాలు అరిగిపోకుండా కోరిడోరాస్ చేపలు ఇసుకలోకి ముక్కు దూర్చి వెతుక్కోవడం చూడాలంటే కూడా ఇసుకే కావాలి. ముఖ్యంగా ఈ ట్యాంకులో పీహెచ్ ఎప్పుడూ 7.8 దగ్గరే ఉంటుంది. నాకు తెలియకుండా ఏ రక్షణా ఖర్చు కావడం లేదు, ఏదో ఒక ఆదివారం అకస్మాత్తుగా అయిపోయేది అందులో ఏమీ లేదు.

ఇసుకకు దోషాలు లేవని అనను. వెనకవైపు మూడు అంగుళాలకు మించి పోసిన చోట నల్ల మచ్చలు కట్టి, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఆ మందం తగ్గించి, ఇసుకలో తవ్వుకుంటూ తిరిగే ట్రంపెట్ నత్తలను వదిలాక ఆ ఇబ్బంది పోయింది. మాంటే కార్లోను రెండుసార్లు నాటాను, రెండుసార్లూ పట్టలేదు. ఎర్ర మొక్కలు ఎర్రబడలేదు. తివాచీ కావాలనుకునేవారికి ఈ ఇసుకను నేను చూపించలేను.

కనుక ఎవరికి ఏది అన్నది వారి కుళాయిని బట్టి చెప్పవలసిందే. ఇంట్లో ఆర్‌ఓ నీరు ధారాళంగా ఉండి, వారం వారం సగానికి సగం అది కలపగలిగేవారికి సాయిల్ రెండేళ్లయినా తన గుణం నిలుపుకుంటుందేమో, నా దగ్గర అంత నీరు లేదు. క్రిస్టల్ రొయ్యల వంటి మెత్తని నీటి ప్రాణులను పెంచేవారికి సాయిల్ లేకుండా కష్టమే. బోరు మీద ఆధారపడిన ఇళ్లవారు, నాలాగా మే నెలలో ఏ నీళ్లు వస్తాయో ముందుగా తెలియని అపార్ట్‌మెంట్లవారు సాయిల్ కొనేముందు ఒక కేహెచ్ కిట్ కొని, మూడు నాలుగు వారాలు తమ కుళాయిని పరీక్షించుకోవడం మంచిది. సాయిల్ వేసి ఉన్నవారు మాత్రం పెద్ద మొక్కను పీకిన రోజున గానీ మరునాడు గానీ ఎక్కువ నీరు మార్చవద్దు. మార్చక తప్పకపోతే పోసే నీటిని ముందు పరీక్షించండి.

పెద్ద ట్యాంకులో ఇప్పుడు ఏడు టెట్రాలకు మరో పన్నెండు చేర్చాను. పాత సాయిల్‌ను పారేయడానికి మనసొప్పలేదు. వచ్చే నెల దాన్ని వెనక భాగానికి చేర్చి, మీద రెండంగుళాల కృష్ణ ఇసుక కప్పి, వేళ్లు లోతుగా పాకే క్రిప్టోకొరైన్‌లను దానిలో నాటాలని ఉంది. కప్పిన తరువాత మూడు వారాలు చేపలను రెండో ట్యాంకులోనే ఉంచుతాను.