రక్షిత ప్రాంతంలో పర్యావరణహిత విల్లా: కొన్నేళ్లు కాపురం ఉన్నాక

ఇలాంటి ఇళ్ల బ్రోచర్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. మొదటి పేజీ నిండా వ్యూ: నేల నుంచి పైకప్పు దాకా అద్దం, ఇవతల సోఫా, అవతల అడవి. సోలార్ ప్యానెళ్లు, చెక్క గోడలు, వాన నీటి ట్యాంకు రెండో పేజీలో. ఆఖరున చిన్న అక్షరాల్లో, నివాసులు పరిరక్షణ నిబంధనలకు కట్టుబడి ఉండాలని ఒక లైను. ఇన్నేళ్లు ఉన్నాక నేను చెప్పేదేమిటంటే, ఆ బ్రోచర్‌ని వెనక నుంచి చదవాలి. ఈ ఇంట్లో అన్నిటికన్నా బాగా పనిచేసినవి ఆ నిబంధనలే. అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది ఆ అద్దం.

మా హాలు అద్దం పడమరకు ఉంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి చూరు ఎంత ముందుకు పెంచినా ఆగదు. మామూలు ఇంట్లో అయితే లోపలికొచ్చిన వేడి సందుల్లోంచి, పలచటి గోడల్లోంచి ఎలాగో బయటికి పోతుంది. ఇది పాసివ్ హౌస్ ప్రమాణంతో, అంటే వేడికీ చల్లదనానికీ చాలా తక్కువ కరెంటు పట్టేలా గాలి చొరకుండా కట్టిన ఇల్లు. 50 పాస్కల్స్ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే, ఇంట్లో ఉన్న మొత్తం గాలిలో గంటకు 0.6 వంతుకు మించి సందుల గుండా మారకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. చలికాలంలో ఇంతకన్నా సుఖం లేదు. ఎండాకాలం మాత్రం లోపలికొచ్చిన వేడి తిష్ట వేసుకుని కూర్చుంటుంది. లోపల కర్టెన్లు వేస్తే పెద్దగా లాభం లేదు, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటేసింది. కర్టెన్ వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోకే వస్తుంది. ఎండను అద్దానికి బయటే ఆపాలి. బయటి వైపు బ్లైండ్స్ పెట్టించాక గాని ఆ గదిలో సాయంత్రాలు కూర్చోలేకపోయాం. ఇది డిజైన్ దశలోనే పెట్టాల్సిన వస్తువు. ఫోటోలో వ్యూకి అడ్డమని బిల్డర్ వదిలేశాడని నా అనుమానం.

అద్దంతో రెండో సమస్య పక్షులు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అద్దంలో చెట్లూ ఆకాశమూ కనిపిస్తాయి, పక్షికి అది దారిలా తోస్తుంది. అమెరికాలో భవనాలను ఢీకొని ఏటా 36 కోట్ల నుంచి దాదాపు 99 కోట్ల పక్షులు చనిపోతున్నాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం కూడా లేదు. దాదాపు అంతా ఇళ్లదీ, తక్కువ అంతస్తుల భవనాలదీనే. అంటే పక్షుల కోసం కాపాడిన చోట, పక్షులను చూడ్డానికని పెట్టిన అద్దమే వాటికి ఉరి. డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి రెండు అతికిస్తే చాలంటారు, చాలదు. అద్దం బయటి వైపు, ఐదు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మొత్తం చుక్కలు ఉండాలి. మేం అలాంటి ఫిల్మ్ వేయించాం. మొదట్లో కంటికి అడ్డుగా అనిపించింది, కొన్నాళ్లకు అవి ఉన్న సంగతే గుర్తు లేదు. ఢీకొనడం దాదాపు ఆగిపోయింది.

ఇక పొగడాల్సినవి. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఒకే ఉష్ణోగ్రత. కిటికీ పక్కన చలి, హీటర్ పక్కన వేడి అనే తేడా లేదు. మూడు పొరల అద్దం కాబట్టి నిశ్శబ్దం కూడా బాగుంటుంది. కిటికీలన్నీ మూసి ఉన్నా గాలి తాజాగా ఉండటానికి కారణం వెంటిలేషన్ యూనిట్. బయటికి పోయే గాలిలోని వేడిలో 75 శాతానికి పైగా లోపలికొచ్చే గాలికి అందిస్తుంది. దాని ఫిల్టర్లు మార్చడం మరిచారో, ఇల్లంతా మూసిన పెట్టె వాసన వస్తుంది. అడవి పక్కన పుప్పొడి ఎక్కువ కాబట్టి మాన్యువల్‌లో రాసిన గడువు కన్నా ముందే మార్చాల్సి వస్తోంది.

సోలార్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చెప్పినట్టే పనిచేస్తోంది. ప్యానెళ్ల సామర్థ్యం ఏడాదికి అర శాతం చొప్పున తగ్గడం మామూలే. ప్యానెళ్ల కన్నా ముందు పోయేది ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె), పది పదిహేనేళ్లకు దాన్ని మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. చెట్ల నీడ పడితే ఉత్పత్తి పడిపోతుంది, చెట్టు కొట్టడానికి వీల్లేదు. ఈ రెండూ తెలిసే కొనాలి.

మురుగు నీటి సంగతి ఏ బ్రోచర్లోనూ ఉండదు కానీ, ఇంటి మనుషుల అలవాట్లు నిజంగా మారేది దానివల్లే. మా దగ్గర డ్రైనేజీ లైను లేదు. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుగుకు దిగాక, నీరు రెల్లు మొక్కలు నాటిన కంకర మడిలోకి పోతుంది. శుభ్రం చేసేది మొక్కలని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది వేళ్ల చుట్టూ, కంకర మీద ఉండే బాక్టీరియా. బాత్రూంలో బ్లీచింగ్ కుమ్మరిస్తే ముందు చచ్చేది అవే. వెట్ వైప్స్, నూనె, మిగిలిపోయిన మందులు ఏవీ వదలకూడదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ పాఠం చెప్పాలి, అది కాస్త మొహమాటమే. వాసన రాదా అని అందరూ అడుగుతారు. నీరు కంకర లోపలే పారుతుంది కాబట్టి సరిగ్గా నడుస్తుంటే రాదు. వచ్చిందంటే ఎవరో ఏదో పోశారని లెక్క.

ఇప్పుడు నిబంధనలు. రక్షిత ప్రాంతం అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (IUCN) వీటిని వర్గాలుగా విడదీసింది. కఠిన రక్షణలో ఉండే మొదటి వర్గంలో ఇళ్లకు చోటే లేదు. మాలాంటి ఇళ్లు ఉండేది ఎక్కువగా ఐదో వర్గంలో: మనుషులూ ప్రకృతీ ఏళ్ల తరబడి కలిసి రూపు దిద్దిన భూభాగం. ఎవరైనా అడవి నడిబొడ్డున విల్లా అని అమ్ముతుంటే, ఆ భూమి ఏ వర్గంలో ఉంది, ఏ చట్టం కింద ఉందని ముందు అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

మా నిబంధనలు భూమి పత్రాల్లోనే ఉన్నాయి. ఇల్లు చేతులు మారినా అవి పోవు. కంచె వేయకూడదు, జంతువుల దారి మూయకూడదు. పచ్చిక లాన్ పెంచకూడదు, బయటి ప్రాంతాల మొక్కలు నాటకూడదు. గోడలకు మెరిసే రంగు వేయకూడదు. ఇళ్లన్నీ ఒక చోట దగ్గర దగ్గరగా, మిగతా భూమంతా ఉమ్మడిగా ఖాళీగా. ఇందులో కొత్తేం లేదు. కాలిఫోర్నియా తీరంలో సీ రాంచ్ అనే ఊరిని 1960లలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లారెన్స్ హాల్‌ప్రిన్ ఇదే పద్ధతిలో ప్లాన్ చేశాడు. రంగు వేయని చెక్క ఇళ్లు, ఉమ్మడి మైదానాలు, లాన్లు లేవు. చేరినప్పుడు మా వాళ్లలో సగం మంది ఈ షరతుల మీద సణిగారు. మన ఇంటి చుట్టూ మనం కంచె వేసుకోలేకపోవడం ఏమిటని. ఇప్పుడు ఆ సణుగుడు లేదు. పక్కవాడు స్విమ్మింగ్ పూల్ కోసం వాగు గట్టు తవ్వబోతే ఆపింది ఈ కాగితమే. సోలార్ ప్యానెల్ ఆ వాగును కాపాడలేదు.

రాత్రి దీపాల నిబంధన నాకు అన్నిటికన్నా ఇష్టం. బయటి దీపాలు కిందికే వెలగాలి, పైన మూత ఉండాలి, వెలుగు 3000 కెల్విన్ దాటకూడదు, అంటే పసుపు వన్నెలోనే ఉండాలి. తెల్లటి వెలుగు పురుగులను ఎక్కువగా లాగుతుంది, రాత్రి తిరిగే జంతువుల దారి చెడగొడుతుంది. మొదటి కొన్ని వారాలు చీకటికి భయమేసిన మాట నిజం. ఆ తర్వాత నగరంలో బంధువుల ఇంటికి వెళ్తే, అక్కడి వెలుగులో నిద్ర పట్టడం లేదు.

అయితే ఒక లెక్క బిల్డర్లెవరూ చెప్పరు, నేను చెప్తాను. పాసివ్ హౌస్ ప్రమాణంలో చదరపు మీటరుకు ఏడాదికి 15 కిలోవాట్ అవర్ల (యూనిట్ల) వేడి చాలు. 200 చదరపు మీటర్ల ఇంటికి 3000. హీట్ పంప్ (బయటి వేడిని లాగి లోపలికి చేర్చే యంత్రం) ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుందనుకుంటే, ఖర్చయ్యే కరెంటు 1000 యూనిట్లు. మామూలు ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు 18 యూనిట్ల వరకు తాగుతుంది. అంటే ఏడాదంతా ఇల్లు వెచ్చగా ఉంచే కరెంటుతో కారు దాదాపు 5500 కిలోమీటర్లు నడుస్తుంది. కొట్టుకూ బడికీ కలిపి రోజుకు రానూ పోనూ 20 కిలోమీటర్లు తిరిగితే, ఏడాది తిరక్కుండానే ఆ లెక్క దాటిపోతుంది. పెట్రోల్ కారైతే చెప్పనక్కర్లేదు. ఊరికి దూరంగా ఉండటమే ఇలాంటి ఇంటి అసలు కాలుష్యం. ఇల్లు ఎంత పెద్దదైతే అంత సస్టెయినబుల్ అన్నట్టు 400 చదరపు మీటర్ల విల్లాలకు కూడా సర్టిఫికెట్లు తగిలించడం చూస్తే నవ్వొస్తుంది. చదరపు మీటరు లెక్కన గొప్పగానే ఉంటుంది, మొత్తం బిల్లు మాత్రం రెట్టింపు.

ఇప్పటికీ తేలని విషయం కార్చిచ్చు. కార్చిచ్చులో ఇళ్లు ఎక్కువగా తగలబడేది మంట నేరుగా అంటుకుని కాదు, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వల వల్ల. అందుకే గోడ నుంచి ఒకటిన్నర మీటరు దాకా కాలే వస్తువేదీ ఉంచొద్దని అగ్నిమాపక నిపుణుల సలహా. మా డిజైన్ నిబంధనలేమో స్థానిక పొదలు గోడ దాకా రావాలంటాయి. మా నివాసుల సంఘం రెండు వైపులా ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఈలోగా మేం చూరు గటర్లలో ఎండుటాకులు తీయడం, గాలి వచ్చే వెంట్లకు సన్నటి ఇనుప వల బిగించడం చేస్తున్నాం. ఇల్లు ఖాయం చేసే ముందే బీమా కంపెనీ ఆ ప్లాటుకు పాలసీ ఇస్తుందో లేదో రాతపూర్వకంగా తెచ్చుకోవడం మంచిది. కొన్నిచోట్ల ఇవ్వడం లేదు.

ఇలాంటి ఇల్లు చూడ్డానికి వెళ్తే పొద్దున పది గంటలకు వెళ్లొద్దు, అమ్మేవాళ్లు ఆ టైమే ఇస్తారు. ఎండాకాలం సాయంత్రం నాలుగింటికి పడమటి గదిలో ఒక గంట కూర్చోండి. చీకటి పడ్డాక కారు దాకా నడవండి. అప్పటికే అక్కడ ఉంటున్న ఒకరిద్దరిని పలకరించి, మురుగు మడి ఎవరు చూస్తున్నారు, నెలవారీ సంఘం రుసుము ఏటా ఎంత పెరుగుతోంది అని అడగండి.